స్టాక్ మీద వేలాడే పాయింటర్లు: కోడ్ నడపకుండానే పట్టుకోవడం ఎలా

పెళ్లిలో బంతి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. మీరు రెండో వరుసలో మూడో విస్తరి దగ్గర కూర్చున్నారు. వడ్డించే కుర్రాడికి ఎవరో "రెండో వరుస, మూడో విస్తరికి గారెలు వెయ్యి" అని పురమాయించారు. అతను వంటశాలకి వెళ్లి వచ్చేలోపు మీ బంతి లేచింది, ఆకులు తీసేశారు, ఇంకో బంతి కూర్చుంది. గారెలు ఎవరి ఆకులో పడ్డాయో చెప్పక్కర్లేదు. చిరునామాలో తప్పేమీ లేదు. ఆ చోటు మాత్రం ఇప్పుడు మీది కాదు. ఇంకా చిక్కేమిటంటే, బంతి లేచినా ఆకులు తీయడం ఆలస్యమైతే కుర్రాడికి అంతా మామూలుగానే కనిపిస్తుంది.

సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో ఫంక్షన్ పిలిచినప్పుడు దాని లోకల్ వేరియబుల్స్‌కి స్టాక్ అనే మెమరీ భాగం మీద ఒక ఫ్రేమ్, అంటే తాత్కాలికమైన చోటు, దొరుకుతుంది. ఫంక్షన్ తిరిగి రాగానే ఆ చోటు తర్వాత పిలిచే ఫంక్షన్‌కి పోతుంది. పాత అడ్రస్‌ని ఏదైనా పాయింటర్ (అడ్రస్‌ని దాచుకునే వేరియబుల్) ఇంకా పట్టుకుని ఉంటే అదే డాంగ్లింగ్, అంటే వేలాడే, పాయింటర్. పాత విలువ వెంటనే చెరిగిపోదు కాబట్టి టెస్టులన్నీ పాసవుతాయి. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక టైమర్ కాల్‌బ్యాక్‌కి లోకల్ స్ట్రక్ట్ అడ్రస్ ఇచ్చాను. నెలల తరబడి పనిచేసింది. ఎవరో ఒక లాగ్ లైను తీసేసిన రోజు నుంచి ప్రోగ్రామ్ పడిపోవడం మొదలైంది. లాగ్ తీసేస్తే ఎందుకు పడిపోతోందో తేలడానికి మూడు రోజులు పట్టింది, టెన్షన్ అదనం.

ఆ మూడు రోజుల పని స్టాటిక్ ఎనాలిసిస్, అంటే కోడ్‌ని నడపకుండా చదివి తప్పులు పట్టే పద్ధతి, కొన్ని నిమిషాల్లో చేయగలదు. అయితే ఒక టూల్ పెట్టుకుని పచ్చ టిక్కు చూసి నిశ్చింతగా ఉంటే లాభం లేదు. ప్రతి టూల్‌కీ చూపు ఆగిపోయే ఒక గట్టు ఉంటుంది. కొన్ని ఒక ఫంక్షన్ వరకే చూస్తాయి, కొన్ని ఒక ఫైలు వరకు. మీ బగ్ ఆ గట్టు అవతల ఉంటే టూల్ మౌనంగా ఉంటుంది. ఏ టూల్‌కి గట్టు ఎక్కడుందో తెలుసుకోవడమే సగం పని.

ఒక మాట. కోడ్‌నీ ఆప్షన్ల పేర్లనీ పలికినట్టుగా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. టెర్మినల్లో మామూలుగా ఇంగ్లిష్‌లోనే కొట్టండి.

మొదటి అడుగు: తప్పుల ఫైలు ఒకటి రాసుకోండి

చాలామంది టూల్ ఇన్‌స్టాల్ చేసి నేరుగా లక్ష లైన్ల ప్రాజెక్టు మీద వదులుతారు. నేనైతే ముందు యాభై అరవై లైన్ల ఫైలు రాస్తాను, అందులో కావాలని చేసిన తప్పులు ఉంటాయి. దాని మీద నడిపితే టూల్‌కి ఏం కనపడుతుందో, ఏం కనపడదో పది నిమిషాల్లో తేలిపోతుంది.

అందరికీ తెలిసిన తప్పు ఇది:

చార్ *పేరు_ఇవ్వు(వాయిడ్)
{
    చార్ బఫర్[32];
    పేరు_నింపు(బఫర్);
    రిటర్న్ బఫర్;
}

దీన్ని ఈ రోజుల్లో ఏ కంపైలరైనా పట్టేస్తుంది. సాఫ్ట్‌వేర్ బలహీనతలకి నంబర్లిచ్చే సీడబ్ల్యూఈ జాబితాలో దీనికి 562 అనే నంబరుంది. అసలు ఇబ్బంది పెట్టేవి తర్వాతివి. రెండోది, అడ్రస్ పారామీటర్ ద్వారా బయటికి పోవడం:

వాయిడ్ పేరు_పెట్టు(స్ట్రక్ట్ ఆటగాడు *పి)
{
    చార్ బఫర్[32];
    పేరు_నింపు(బఫర్);
    పి->పేరు = బఫర్;
}

ఇక్కడ రిటర్న్ అన్న మాటే లేదు. చదివేవాళ్ల కన్ను కూడా జారిపోతుంది. నేను రివ్యూల్లో ఎక్కువగా చూసింది ఈ రకాన్నే. మూడోది, అదే అడ్రస్‌ని గ్లోబల్ వేరియబుల్లో పెట్టడం. నాలుగోది ఒకే ఫంక్షన్ లోపల జరిగేది:

ఇంట్ *పి;
{
    ఇంట్ ఎక్స్ = 5;
    పి = &ఎక్స్;
}
*పి = 7;

ఫ్రేమ్ ఇంకా బతికే ఉంది, పోయింది బ్లాకు మాత్రమే. అందుకే ఫ్రేమ్ పోయిందా లేదా అని మాత్రమే చూసే చెకర్‌కి ఇది అంతుపట్టదు. ఐదోది మధ్యవర్తి ద్వారా: తీసుకున్న పాయింటర్నే తిరిగిచ్చే చిన్న ఫంక్షన్ రాసి, దానికి లోకల్ అడ్రస్ ఇచ్చి, వచ్చిన దాన్ని రిటర్న్ చేయడం. ఈ మధ్యవర్తిని ఒకసారి అదే ఫైల్లో, ఇంకోసారి వేరే ఫైల్లో పెట్టి రెండు రకాలుగా పరీక్షించండి.

ఆరోది లైబ్రరీ ఫంక్షన్ల ద్వారా. పుట్‌ఎన్వ్ మీరిచ్చిన స్ట్రింగ్‌ని కాపీ చేసుకోదు, ఆ పాయింటర్నే ఎన్విరాన్‌మెంట్లో పెట్టేస్తుంది. లోకల్ యారే ఇచ్చారా, ఫంక్షన్ ముగిశాక ఎన్విరాన్‌మెంట్లో చెత్త మిగులుతుంది. సెట్‌ఎన్వ్ కాపీ చేసుకుంటుంది కాబట్టి ఆ బాధ లేదు. ఫైలుకి మన బఫర్‌ని అప్పగించే సెట్‌వీబఫ్ కూడా ఇలాంటిదే. మెయిన్ ఫంక్షన్లోని లోకల్ బఫర్‌ని ఎస్‌టీడీఅవుట్‌కి ఇస్తే, మెయిన్ ముగిసిన తర్వాత ఫైళ్లు మూసే సమయంలో ఆ బఫర్ లేకుండా పోతుంది. మెయిన్లో ఉన్నది ప్రోగ్రామ్ చివరిదాకా ఉంటుందిలే అన్న భరోసా తప్పు.

తప్పులతో పాటు తప్పు కానివి కూడా అందులో పెట్టండి: స్టాటిక్ లోకల్ అడ్రస్ రిటర్న్ చేయడం, లోకల్ బఫర్‌ని కింది ఫంక్షన్‌కి పని కోసం ఇవ్వడం, లోకల్ నోడ్‌ని ఒక లిస్టులో కలిపి రిటర్న్‌కి ముందే విడదీయడం. వీటి మీద అరిచే టూల్‌ని రేపు మీ టీమ్ నమ్మదు. రెడీమేడ్‌గా పెద్ద సంఖ్యలో ఉదాహరణలు కావాలంటే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ అందించే జూలియట్ టెస్ట్ సూట్‌లో 562కి కూడా కేసులున్నాయి.

రెండో అడుగు: కంపైలర్ని పూర్తిగా వాడుకోండి

కొత్త టూల్ ఏదీ కొనకముందే చేతిలో ఉన్నదాన్ని చూద్దాం. జీసీసీలో రిటర్న్-లోకల్-యాడర్ అనే వార్నింగ్ డీఫాల్ట్‌గానే ఆన్‌లో ఉంటుంది. క్లాంగ్‌లో దాని జోడీ రిటర్న్-స్టాక్-అడ్రస్. ఈ రెండింటినీ ఈ రోజే ఎర్రర్‌గా మార్చేయండి. వీటిలో తప్పుడు హెచ్చరికలు చాలా అరుదు కాబట్టి ఎవరూ గొడవ పెట్టరు.

ఇంకా పనికొచ్చేది జీసీసీ 12తో, అంటే 2022లో, వచ్చిన డాంగ్లింగ్-పాయింటర్ వార్నింగ్. ఇది రిటర్న్‌ని మాత్రమే కాక, పారామీటర్ ద్వారా, గ్లోబల్ ద్వారా బయటికి పోయే అడ్రస్‌నీ, నాలుగో రకం బ్లాకు తప్పునీ కూడా చూస్తుంది. దీనికి రెండు స్థాయిలున్నాయి. ఒకటో స్థాయి కచ్చితంగా జరిగే వాడకం మీదే మాట్లాడుతుంది. రెండో స్థాయి ఫలానా షరతు నిజమైతేనే జరిగే వాడకాన్ని కూడా చెబుతుంది. చాలా వార్నింగుల్ని ఒకేసారి ఆన్ చేసే డబ్ల్యూ-ఆల్ ఇస్తే రెండో స్థాయే వస్తుంది.

ఒక జాగ్రత్త: ఆప్టిమైజేషన్ లేకుండా, అంటే ఓ-సున్నాతో, కంపైల్ చేసి వార్నింగులు లేవని సంబరపడకండి. ఇలాంటి వార్నింగులు చిన్న ఫంక్షన్లని పిలిచిన చోటే ఇముడ్చుకున్న తర్వాత ఎక్కువ చూడగలవు. ఐదో తప్పు, అదే ఫైల్లో ఉన్న మధ్యవర్తి, ఆప్టిమైజేషన్ ఉన్న ఓ2తో బయటపడి ఓ-సున్నాలో దాక్కోవచ్చు. ఓ-సున్నా, ఓ2 రెండింటితోనూ నడపండి. వీలైతే జీసీసీ, క్లాంగ్ రెండింటితోనూ కంపైల్ చేయండి. ఒకటి చూడనిది రెండోది చూస్తుంది, పైగా దీనికి ఖర్చేమీ లేదు.

మూడో అడుగు: దారి వెంట నడిచే ఎనలైజర్

వార్నింగులకీ ఎనలైజర్‌కీ తేడా ఇక్కడుంది. ఎనలైజర్ ఫంక్షన్‌ని లోపల్లోపలే నడిపి చూస్తుంది, కానీ నిజమైన విలువలతో కాదు, గుర్తులతో. ఇఫ్ వచ్చిన చోట దారి రెండుగా చీలుతుంది, రెండింటినీ విడివిడిగా పట్టుకుని పోతుంది. ప్రతి పాయింటర్‌కీ అది ఏ మెమరీ ముక్క వైపు చూపిస్తోందో, ఆ ముక్క ఏ ఫ్రేమ్‌దో గుర్తుపెట్టుకుంటుంది. ఫంక్షన్ ముగిసే క్షణంలో ఒక ప్రశ్న వేస్తుంది: ఈ ఫ్రేమ్‌లోని ముక్క వైపు చూపిస్తూ, ఈ ఫ్రేమ్ పోయాక కూడా బతికి ఉండే చోటు ఏదైనా ఉందా? ఉంటే రిపోర్టు రాస్తుంది.

క్లాంగ్ స్టాటిక్ ఎనలైజర్లో ఈ చెకర్ పేరు కోర్ స్టాక్-అడ్రస్-ఎస్కేప్. డీఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది. మేక్ వాడే ప్రాజెక్టులో "స్కాన్-బిల్డ్ మేక్" అని కొడితే చాలు. అయితే ముందు మేక్ క్లీన్ చేయడం మరిచిపోకండి. ఇప్పటికే అన్నీ కంపైలై ఉంటే మేక్ ఏమీ కంపైల్ చేయదు, ఎనలైజర్‌కి చూడ్డానికేమీ ఉండదు, బగ్స్ లేవని హాయిగా చెప్పేస్తుంది. ఈ పొరపాటు నేనూ చేశాను. సీమేక్ ప్రాజెక్టులైతే కంపైల్ కమాండ్స్ ఎక్స్‌పోర్ట్ చేసే ఆప్షన్ ఆన్ చేస్తే జేసన్ ఫైలొకటి వస్తుంది, క్లాంగ్-టైడీ లాంటివి దాన్నే చదువుతాయి. మేక్ ఫైళ్ల ప్రాజెక్టుకి అదే జేసన్ కావాలంటే బేర్ అనే చిన్న టూల్ ఉంది.

క్లాంగ్ పాత వెర్షన్లలో ఈ చెకర్ చూపు ముఖ్యంగా రిటర్న్, గ్లోబల్స్ మీదే ఉండేది. పారామీటర్ ద్వారా బయటికి పోయే అడ్రస్‌ని, అంటే మన రెండో తప్పుని, పట్టడం 2024 నుంచి బాగుపడింది. అందుకే డిస్ట్రోతో వచ్చిన ఏళ్లనాటి వెర్షన్‌తో సరిపెట్టుకోకండి. తప్పుల ఫైలు మీద నడిపితే మీ వెర్షన్ సంగతి వెంటనే తెలిసిపోతుంది. పుట్‌ఎన్వ్ తప్పుకి దీనిలో వేరే చెకర్ ఉంది, అది కావాలంటే ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

జీసీసీ వైపు 2020లో పదో వెర్షన్‌తో ఎఫ్-ఎనలైజర్ వచ్చింది. దీన్ని రాసింది డేవిడ్ మాల్కమ్. ఇది ప్రధానంగా సీ కోసమే, సీ ప్లస్ ప్లస్ కోడ్ మీద దీని మాట నమ్మవద్దు. కంపైల్ సమయం బాగా పెరుగుతుంది కాబట్టి రోజువారీ బిల్డ్‌లో కాకుండా రాత్రి బిల్డ్‌లో పెట్టడం మేలు. ఇక్కడ గమనించాల్సిన తేడా ఒకటుంది. క్లాంగ్ చెకర్ అడ్రస్ బయటికి జారిన చోట అరుస్తుంది. జీసీసీ ఎనలైజర్లోని స్టేల్-స్టాక్-ఫ్రేమ్ చెకర్ ఆ పాత అడ్రస్‌ని ఎవరో వాడిన చోట అరుస్తుంది. ఒకటి గారెలు పురమాయించినవాణ్ని పట్టుకుంటుంది, రెండోది తప్పు ఆకులో వేసినవాణ్ని. అందుకే ఒకే బగ్‌కి రెండు టూల్స్ రెండు వేర్వేరు లైన్లు చూపిస్తే కంగారు పడకండి.

నాలుగో అడుగు: రిపోర్టుని కింది నుంచి చదవండి

రిపోర్టు అంటే చివరి లైను ఒక్కటే కాదు. ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసిన దారి ఉంటుంది. నేను చివరి నుంచి మొదటికి చదువుతాను. చివర్లో ఏ పాయింటర్, ఏ వేరియబుల్ అన్నది చూస్తాను. తర్వాత ఒక్కొక్క మెట్టు వెనక్కి వెళ్తూ "ఈ ఇఫ్ నిజంగా ఈ వైపు తిరగగలదా?" అని అడుగుతాను. ఎక్కడో ఒక మెట్టు అసాధ్యమైతే అది తప్పుడు హెచ్చరిక. ఉదాహరణకి ఎర్రర్ కోడ్ సున్నా కాకపోతే పాయింటర్‌ని చూడకూడదన్న ఒప్పందం మీ కోడ్‌లో ఉండొచ్చు, టూల్‌కి అది తెలియదు. అలాంటప్పుడు ఆ ఒప్పందాన్ని ఎసర్ట్ రూపంలో కోడ్‌లోనే రాయండి. టూల్ నోరు మూయిస్తుంది, ఆరు నెలల తర్వాత చదివేవాళ్లకీ పనికొస్తుంది.

తప్పుడు హెచ్చరికల్లో పేరుమోసిన ఉదాహరణ లినక్స్ కెర్నెల్‌ది. కెర్నెల్ కోడ్‌లో లోకల్ వేరియబుల్‌గా ఉన్న వెయిట్ ఎంట్రీని ఒక లిస్టులో కలపడం, పని అయ్యాక ఫంక్షన్ ముగియకముందే తీసేయడం చాలా మామూలు. ఇది సరైన కోడే. కానీ తీసేసిన సంగతి కొన్నిసార్లు జీసీసీ 12 గ్రహించలేక డాంగ్లింగ్-పాయింటర్ హెచ్చరికలు కురిపించింది. చివరికి 2022 జూన్‌లో ఆ వార్నింగ్‌ని కెర్నెల్ బిల్డ్‌లో ఆపేశారు. మీ ప్రాజెక్టులో లిస్టులు ఇలా వాడితే మీకూ ఇదే ఎదురవుతుంది. అప్పుడు మొత్తం వార్నింగ్‌ని ఆపేయకండి. ఆ ఒక్క ఫంక్షన్ చుట్టూ ప్రాగ్మా (కంపైలర్‌కి సూచన ఇచ్చే లైను) పెట్టి, ఎందుకు క్షేమమో ఒక వాక్యం రాసి ఆపండి. కారణం రాయని అణచివేతని మా రివ్యూలో తిప్పి పంపేస్తాం.

ఐదో అడుగు: ఫైలు గట్టు దాటడం

ఇప్పటిదాకా చెప్పిన టూల్స్ చాలావరకు ఒక్కో సోర్స్ ఫైలుని విడిగా చూస్తాయి. వేరే ఫైల్లోని ఫంక్షన్‌కి అడ్రస్ ఇస్తే, అది దాచుకుంటుందో వాడి వదిలేస్తుందో వాటికి తెలియదు. చాలా టూల్స్ మర్యాదగా వదిలేస్తుందనే అనుకుంటాయి. నా టైమర్ బగ్ సరిగ్గా ఈ సందులోనే కూర్చుంది.

దీనికి మూడు దారులున్నాయి. మొదటిది క్లాంగ్‌లోని క్రాస్ ట్రాన్స్‌లేషన్ యూనిట్ పద్ధతి, ఇది వేరే ఫైల్లోని ఫంక్షన్ బాడీని కూడా తెచ్చి చూస్తుంది. చేత్తో అమర్చడం కష్టం, ఎరిక్సన్ నుంచి వచ్చిన కోడ్‌చెకర్ దాన్ని సులువు చేస్తుంది. రెండోది ఫేస్‌బుక్ 2015లో ఓపెన్ సోర్స్ చేసిన ఇన్‌ఫర్. ఇది ప్రతి ఫంక్షన్‌కీ ఒక సారాంశం తయారు చేసుకుని, పిలిచిన చోట ఆ సారాంశాన్నే వాడుతుంది. దాని పల్స్ భాగంలో స్టాక్ వేరియబుల్ అడ్రస్ బయటికి జారడం మీద రిపోర్టు ఉంది. మూడోది కోడ్‌క్యూఎల్. కోడ్‌ని డేటాబేస్‌లా మార్చి ప్రశ్నలు వేస్తుంది. స్టాక్ మెమరీని రిటర్న్ చేయడం, లోకల్ కాని చోట లోకల్ అడ్రస్ దాచడం, రెండింటికీ రాసిపెట్టిన ప్రశ్నలున్నాయి. నాకు నచ్చేది, మన ప్రాజెక్టుకే ప్రత్యేకమైన ప్రశ్న రాసుకోగలగడం: "టైమర్ రిజిస్టర్ చేసే ఫంక్షన్ రెండో పారామీటర్‌కి లోకల్ వేరియబుల్ అడ్రస్ ఎక్కడైనా ఇస్తున్నామా?" అలాంటి ప్రశ్న ఒక్కటి నాకు ఆ మూడు రోజులూ మిగిల్చి ఉండేది.

సీపీపీచెక్‌ని కూడా పక్కన నడపండి. బిల్డ్ సెటప్ లేకపోయినా నడుస్తుంది, వేగంగా పనవుతుంది, బ్లాకు దాటిన అడ్రస్‌లు దాని జీవితకాల చెకర్‌కి బాగా చిక్కుతాయి. కార్లు, వైద్య పరికరాల కోడ్ రాసేవాళ్లకైతే మిస్రా సీ 2012 అనే కోడింగ్ నియమావళిలోని 18.6 నియమం దీన్ని నేరుగా నిషేధిస్తుంది. అక్కడ పాలీస్పేస్ లాంటి ఖరీదైన టూల్స్ మామూలే.

సీ ప్లస్ ప్లస్ వాళ్లకి ఒక అదనపు తలనొప్పి

సీ ప్లస్ ప్లస్‌లో పాయింటర్ కనపడకుండానే పాయింటర్ ఉంటుంది. స్ట్రింగ్-వ్యూలో ఉంటుంది, రిఫరెన్స్‌తో పట్టుకున్న లాంబ్డాలో ఉంటుంది, స్పాన్‌లో ఉంటుంది. లోకల్ స్ట్రింగ్ మీద వ్యూ తీసి రిటర్న్ చేస్తే రిటర్న్ లైన్లో స్టార్ గుర్తూ లేదు, యాంపర్సాండూ లేదు. క్లాంగ్‌లో డాంగ్లింగ్ కుటుంబం వార్నింగులు ప్రామాణిక లైబ్రరీలోని చాలా రకాల్ని గుర్తిస్తాయి. మీ సొంత క్లాసులకి మాత్రం మీరే చెప్పాలి. ఫంక్షన్ ఇచ్చే ఫలితం తన పారామీటర్ని పట్టుకుని వేలాడుతుందంటే, ఆ పారామీటర్‌కి లైఫ్‌టైమ్‌బౌండ్ అనే క్లాంగ్ యాట్రిబ్యూట్ తగిలించండి. అప్పటి నుంచి ఎవరైనా దానికి తాత్కాలిక వస్తువు ఇచ్చి ఫలితాన్ని దాచుకుంటే కంపైలర్ పిలుస్తుంది. హెడర్లో ఉంటుంది కాబట్టి ఫైలు గట్టు కూడా దీనికి అడ్డు కాదు. ఇంత చవకగా ఇంత లాభం ఇచ్చే పని ఈ వ్యాసంలో ఇంకోటి లేదు.

రస్ట్‌లో ఇదే ఒప్పందం భాషలోనే ఉంది. లోకల్ వేరియబుల్ రిఫరెన్స్ రిటర్న్ చేస్తే కంపైల్ కాదు.

సరిచేసేటప్పుడు

వార్నింగ్ పోగొట్టడానికి అందరి చెయ్యీ ముందు వెళ్లేది స్టాటిక్ అనే మాట మీదకి. చార్ బఫర్ ముందు స్టాటిక్ పెడితే టూల్ మౌనంగా ఉంటుంది నిజమే. కానీ రెండు థ్రెడ్లు ఒకేసారి పిలిస్తే ఒకరి పేరు మీద ఇంకొకరి పేరు పడుతుంది. ఒకే ప్రింట్‌ఎఫ్‌లో రెండుసార్లు పిలిచినా అదే గతి. ఒక బగ్ ఇచ్చి ఇంకో బగ్ తెచ్చుకున్నట్టు. చిన్న స్ట్రక్ట్ అయితే విలువగానే రిటర్న్ చేయండి. కాకపోతే పిలిచేవాళ్లే బఫర్నీ దాని సైజునీ ఇచ్చేలా మార్చండి. అదీ కుదరకపోతేనే మాలాక్, అప్పుడు ఫ్రీ ఎవరు చేస్తారో హెడర్లో రాయండి.

ఇంకా చూపు అందని చోట్లు

పీథ్రెడ్-క్రియేట్‌కి లోకల్ అడ్రస్ ఇచ్చి, జాయిన్ చేయకుండా ఫంక్షన్ ముగిస్తే చాలా టూల్స్ గుర్తించవు. జాయిన్ చేస్తే అదే కోడ్ సరైనది కాబట్టి వాటినీ తప్పుపట్టలేం. అడ్రస్‌ని పూర్ణాంకంగా మార్చి మళ్లీ పాయింటర్‌గా తెస్తే దారి తెగిపోతుంది. ఏ ప్రోగ్రామ్‌కైనా ఒక్క తప్పూ వదలకుండా, ఒక్క తప్పుడు కేకా వేయకుండా జవాబివ్వడం సాధ్యం కాదని 1953 నాటి రైస్ సిద్ధాంతమే తేల్చేసింది.

అందుకని టెస్టుల్ని అడ్రస్ శానిటైజర్‌తో (ప్రోగ్రామ్ నడుస్తుండగా మెమరీ తప్పుల్ని పట్టేది) కూడా నడపండి. అందులో స్టాక్-యూజ్-ఆఫ్టర్-రిటర్న్ పరీక్ష క్లాంగ్ 15, జీసీసీ 13 నుంచి లినక్స్‌లో డీఫాల్ట్‌గా ఆన్. అంతకు ముందు వెర్షన్లలో డిటెక్ట్ స్టాక్ యూజ్ ఆఫ్టర్ రిటర్న్ అనే ఆప్షన్ని ఏసాన్ ఆప్షన్స్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్లో 1 చేసి ఇవ్వాలి. శానిటైజర్ ఏదైనా బగ్ పడితే, దాని చిన్న రూపాన్ని తప్పుల ఫైల్లో చేర్చండి. టూల్ వెర్షన్ మార్చినప్పుడల్లా ముందు ఆ ఫైలు మీదే నడపండి. నా ఫైల్లో ఏడో కేసు ఆ టైమరే.